మోకాలికి దెబ్బ తగిలి, ఆపరేషన్ అక్కర్లేదన్నాక: నా అనుభవం

బ్యాడ్మింటన్ ఆడుతూ వెనక్కి జరిగి షటిల్ అందుకోబోయాను. ఎడమ పాదం నేలకి పట్టేసినట్టు అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం కుడివైపు తిరిగిపోయింది. మోకాలు లోపలికి ఒరిగింది. లోపలి పక్కన గుడ్డ చిరిగినట్టు సర్రుమంది. అక్కడే కూలబడ్డాను.

నాతో ఆడే కుర్రాడు ప్రథమ చికిత్సలో శిక్షణ తీసుకున్నవాడు కావడం నా అదృష్టం. నలుగురూ చేరి చంకల్లో చేతులు వేసి లేపబోతుంటే ఆపేశాడు. "ఆగండి, ఎవరూ లాగొద్దు. అన్నా, నువ్వు లేవకు. ముందు నన్ను కాలు చూడనీ" అన్నాడు. నాకేమో సిగ్గుగా ఉంది, ఎలాగైనా లేచి పక్కన కూర్చుంటే చాలనిపించింది. వాడు వదల్లేదు.

ముందు రెండు మోకాళ్లనీ పక్కపక్కన పెట్టి ఆకారం చూశాడు. చిప్ప తన చోటే ఉందా, కాలు వంకర తిరిగిందా అని. తర్వాత బూటు, మేజోడు విప్పి పాదం పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉందా, వేళ్లు కదులుతున్నాయా, ముట్టుకుంటే తెలుస్తోందా, పాదం పైన నాడి తగులుతోందా. అంత నొప్పిలో మోకాలు వదిలేసి పాదం పిసుకుతాడేంటని విసుగొచ్చింది. తర్వాత అడిగితే చెప్పాడు: మోకాలి వెనక నుంచి పెద్ద రక్తనాళం ఒకటి కిందికి వెళ్తుంది, కీలు పూర్తిగా పక్కకి జారిన గాయాల్లో అది నలిగిపోవచ్చు. పాదం చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే ఐస్ పెడుతూ కూర్చోకూడదు. గంటల్లోనే రక్తప్రసారం మళ్లీ అందకపోతే కాలికే ముప్పు, కాబట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి. చిప్ప బయటివైపు జారినా, కాలు వంకర తిరిగినా లాగి సరిచేయకూడదు. ఎలా ఉందో అలాగే కింద మెత్తగా ఆసరా పెట్టి, కదలకుండా కట్టి తీసుకెళ్లాలి.

ఆ తర్వాత, "మోకాలు వంచకుండా కాలు మొత్తం నేలమీంచి కొంచెం పైకి లేపగలవా?" అని అడిగాడు. వణుకుతూ లేపాను. అలా అసలు లేపలేకపోతే తొడ కండరం నుంచి చిప్ప మీదుగా మోకాలి కింద ఉండే ముందు ఎముక దాకా వచ్చే బలమైన తాడు లాంటి కట్టు (టెండన్) తెగిందనో, చిప్పే విరిగిందనో అనుమానించాలి. అలాంటివి సాధారణంగా ఆపరేషన్ దాకా వెళ్తాయి. "టప్ మని శబ్దం వచ్చిందా? మోకాలు తన చోటునుంచి జారి మళ్లీ వచ్చినట్టు అనిపించిందా?" అని కూడా అడిగాడు. లేదన్నాను. అప్పుడు ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే లేచి నాలుగడుగులు వేశాను. కుంటుతూనే, కానీ బరువు ఆనింది.

ఐస్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నుంచి నాకు సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఐస్ దగ్గరే మొదలుపెట్టారు. విశ్రాంతి, ఐస్, బిగుతు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం: ఈ నాలుగింటి సూత్రాన్ని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టర్ ప్రచారంలోకి తెచ్చారు. ఆయనే 2014లో మాట మార్చుకున్నారు. దెబ్బ తగిలినచోట వాపు రావడం ఒళ్లు బాగుచేసుకునే పనిలో భాగమే, ఐస్, పూర్తి విశ్రాంతి ఆ పనిని ఆలస్యం చేయవచ్చు అన్నారు. అలాగని ఐస్ పెడితే తప్పని కాదు. నొప్పి తగ్గించడానికి బాగా పనికొస్తుంది. నొప్పి తగ్గితే కాలు కదపగలం, అసలు లాభం అక్కడుంది. నేను పలచటి బట్ట చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు మించకుండా, రెండు మూడు గంటలకోసారి పెట్టుకున్నాను. ఐస్ నేరుగా చర్మానికి తగిలితే చర్మం దెబ్బతింటుంది. మొదటి రెండు మూడు రోజులు దాటాక దాని అవసరం నాకు పెద్దగా కనిపించలేదు.

నిజంగా తేడా చూపించింది కట్టు. క్రేప్ బ్యాండేజీని పిక్క మధ్య నుంచి మొదలుపెట్టి పైకి, తొడ మధ్య దాకా, ఒక్కో చుట్టు కింది చుట్టుని సగం కప్పేలా చుట్టాలి. పై నుంచి కిందికి చుడితే నీరంతా పాదంలోకి దిగుతుంది. కాలి వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా చుట్టుకోవాలి. పడుకునేటప్పుడు తీసేయమన్నారు, తీసేశాను. కాలు ఎత్తులో పెట్టడమంటే స్టూలు మీద చాపడం కాదు. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదం గుండె కంటే పైన ఉండాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మోకాలి కింద మాత్రమే దిండు పెడితే మోకాలు కాస్త వంగి హాయిగా ఉంటుంది, గంటల తరబడి అలాగే ఉండిపోవాలనిపిస్తుంది. అలా ఉంటే పూర్తిగా చాపడం రానురాను కష్టమవుతుందని వ్యాయామ చికిత్స చేసే ఫిజియో తర్వాత చెప్పారు. దిండు పిక్క నుంచి మడమ దాకా పెట్టుకోవాలి.

అమ్మ వేడినీళ్ల కాపడం పెడతానంది, నూనె రాసి మర్దన చేస్తానంది. "రెండు మూడు రోజులు ఆగమ్మా, ఇప్పుడు వేడి తగిలితే వాపు ఇంకా పెరుగుతుంది" అంటే, "నీకన్నీ తెలుసు మరి" అని అలిగింది. మొదటి రెండు మూడు రోజులూ వేడి, మర్దన, మద్యం, పరుగు ఈ నాలుగూ వద్దని చెబుతారు. మొదటి రెండూ అమ్మ వల్ల కష్టమయ్యాయి, మిగతా రెండూ నాకు పెద్ద త్యాగాలేం కావు.

మర్నాడు డాక్టర్ దగ్గర కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు వాచింది?" అని. ఎంత వాచిందో కాదు, ఎప్పుడు వాచిందో. దెబ్బ తగిలిన గంటా రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బిపోతే లోపల రక్తం చేరిందని అర్థం. కీలు మధ్యలో ఏటవాలుగా ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కట్టు) తెగినా, ఎముక విరిగినా తరచుగా అలా జరుగుతుంది. మెల్లగా, మర్నాటికి వాచిందంటే కీలు మధ్య మెత్తలా ఉండే నెలవంక ఆకారపు మెనిస్కస్ చిరగడమో, లిగమెంట్ బెణకడమో అయ్యుండొచ్చు. నాది రాత్రికి కొద్దిగా, తెల్లారేసరికి బాగా వాచింది. దెబ్బ తగిలినవాళ్లు ఈ గంటల లెక్క గుర్తుంచుకుంటే డాక్టర్‌కి ఎంతో పని తగ్గుతుంది.

తర్వాత ఆయన రెండు చేతులతో చాలాసేపు పరీక్షించారు. ముందు మంచి కాలు, తర్వాత దెబ్బ కాలు. మోకాలిని ముప్పై డిగ్రీలు వంచి కాలి కింది భాగాన్ని బయటికి నెట్టి చూశారు, తర్వాత పూర్తిగా చాపి అలాగే నెట్టి చూశారు. వంచినప్పుడు లోపలి పక్కన కొంచెం సందు తెరుచుకుంది, నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాపినప్పుడు మాత్రం గట్టిగానే ఉంది. అంటే లోపలి పక్క లిగమెంట్, ఎంసీఎల్, కొంత చిరిగింది, పూర్తిగా తెగలేదు. రెండో గ్రేడ్ అన్నారు. లిగమెంట్ సాగి పీచులు కొద్దిగా దెబ్బతింటే మొదటి గ్రేడ్, సగం చిరిగితే రెండు, పూర్తిగా తెగితే మూడు. మొదటిదానికి ఒకటి నుంచి మూడు వారాలు, రెండోదానికి నాలుగు నుంచి ఆరు, మూడోదానికి అంతకు మించి పడుతుందని ఉజ్జాయింపు లెక్క. ఆటలోకి తిరిగి వెళ్లడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మోకాలి కింది ఎముకని ముందుకి లాగి ఏసీఎల్ కూడా చూశారు, బాగానే ఉందన్నారు.

ఎక్స్‌రే అందరికీ తీయరు. దానికో పద్ధతుంది, కెనడాలో 1990ల్లో తయారైంది, ఒట్టావా నిబంధన అంటారు. వయసు 55 నిండినా, చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలికి బయటి పక్కన కింద తగిలే చిన్న ఎముక తల మీద నొప్పి ఉన్నా, మోకాలు తొంభై డిగ్రీలు వంగకపోయినా, దెబ్బ తగిలినప్పుడూ ఆసుపత్రిలోనూ కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. ఇందులో ఏదీ లేకపోతే ఎముక విరిగే అవకాశం చాలా తక్కువ. నాది వాపు వల్ల తొంభై దాకా వంగలేదు కాబట్టి తీశారు. విరగలేదు. కోర్టులో మా కుర్రాడు నాలుగడుగులు ఎందుకు వేయించాడో అప్పుడర్థమైంది.

నేనే ఎమ్మారై తీయించమని అడిగాను. ఒక వయసు వచ్చాక శరీరం లోపల ఏముందో చూసేస్తే మనశ్శాంతి అనుకుంటాం కదా. ఆయన "తీస్తే నా చికిత్స మారుతుందా?" అని తననే తను అడుగుతున్నట్టు అని, "ఇప్పుడైతే మారదు. కొన్ని వారాల్లో మోకాలు ఇరుక్కుపోతున్నా, నడుస్తుంటే జారిపోతున్నా అప్పుడు తీద్దాం" అన్నారు. నచ్చలేదు. ఇంటికొచ్చి చదివాక మాత్రం ఆయన చెప్పింది సరైనదే అనిపించింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 ఏళ్లు దాటిన మామూలు జనానికి ఎమ్మారై తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు. మెనిస్కస్ చిరుగు కనిపించినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పి గానీ బిగుతు గానీ లేవు. అంటే నడివయసు దాటాక స్కాన్‌లో ఏదో ఒకటి కనిపించడం మామూలే. కనిపించిందల్లా నొప్పికి కారణమనుకుంటే, అక్కర్లేని కోతలదాకా వెళ్తాం.

"మరి ఆపరేషన్ లేకుండా ఎలా అతుక్కుంటుంది డాక్టర్‌గారూ?" అని అడిగాను. ఎంసీఎల్ కీలు గదికి బయట ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, కాబట్టి తనంతట తనే అతుక్కునే గుణం ఎక్కువ అని చెప్పారు. ఏసీఎల్ కీలు లోపల, జిగురు నీటిలో ఉంటుంది. తెగిన కొసల మధ్య గడ్డకట్టిన రక్తం నిలవక అతుక్కోవడం కష్టం. మెనిస్కస్‌కి బయటి అంచులోనే రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు.

అయితే ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకీ వెంటనే కోత అక్కర్లేదని కూడా ఇప్పుడు తెలుసు. స్వీడన్‌లో ఆటలాడే 121 మంది కుర్రకారుని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి తొందరగా ఆపరేషన్, వ్యాయామం. రెండో గుంపుకి ముందు వ్యాయామం, అవసరమైతే తర్వాత ఆపరేషన్. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్లకి ఇద్దరి పరిస్థితీ ఒకేలా ఉంది. ఆగి చూసిన 59 మందిలో 23 మందే అప్పటికి ఆపరేషన్ చేయించుకున్నారు. వయసుతో అరిగి చిరిగిన మెనిస్కస్ మీద ఫిన్లాండ్ వాళ్లు ఇంకా సాహసం చేశారు. 146 మందిలో కొందరికి నిజంగా చిరుగు కత్తిరించారు, మిగతావాళ్లకి చేసినట్టు నటించారు. ఏడాది తర్వాత ఇద్దరికీ ఒకేలా ఉందని 2013లో ప్రకటించారు. కోత గురించి నాకున్న నమ్మకాన్ని కదిలించింది ఇదే.

మళ్లీ, ఆపరేషన్ కావలసినవీ ఉన్నాయి. చిరిగిన మెనిస్కస్ ముక్క కీలులో అడ్డుపడి మోకాలు చాపలేకుండా ఇరుక్కుపోవడం, రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగడం, ఎముక ముక్కలు పక్కకి జరగడం, తొడ కండరపు టెండన్ తెగడం. ఇలాంటప్పుడు "వ్యాయామంతో తగ్గించుకుంటా" అని భీష్మించుకుంటే కాలయాపనే.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. నాకు పారాసిటమాల్ సరిపోయింది. పెద్దవాళ్లకి రోజుకి నాలుగు గ్రాములు మించకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది కాబట్టి లెక్క చూసుకోవాలి. ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు.

చంక కర్రలు ఇచ్చారు. సినిమాల్లో చూసినట్టు వాటి మీద చంకలతో వేలాడతామని అనుకున్నాను. అలా చేస్తే చంకలోని నరాలు నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. పై మెత్తకీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, చేతిపిడి మణికట్టు ఎత్తులో ఉండాలి, బరువంతా అరచేతుల మీదే. మెట్ల దగ్గర ఫిజియో మేడమ్ చెప్పిన లెక్క: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. కొన్నాళ్లకి ఒక్క కర్రకి మారినప్పుడు దాన్ని దెబ్బ తగిలిన పక్క పట్టుకోబోయాను. "అటు కాదు సార్, మంచి కాలి వైపు పట్టుకోండి" అన్నారు. నడిచేటప్పుడు కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిసి ముందుకి వెళ్తాయి కదా, అప్పుడే బరువు కర్ర మీదికి పోతుంది.

కాలికి రెండు పక్కలా మడతబందులున్న బ్రేస్ వేశారు. మోకాలు ముందుకీ వెనక్కీ వంగనిస్తుంది, పక్కకి ఒరగనివ్వదు. ఎంసీఎల్‌కి కావలసింది అదే. మందుల షాపుల్లో దొరికే సాగే తొడుగు వెచ్చగా, ధైర్యంగా ఉంటుంది గానీ పక్కకి ఒరగడాన్ని ఆపలేదు. రాత్రి బ్రేస్ లేకుండా పక్కకి తిరిగి పడుకుంటే పైనున్న దెబ్బ కాలు పరుపు మీదికి వాలి, లోపలి పక్క లాగేది. రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకున్నాక నిద్ర పట్టింది. ఇంత చిన్న విషయం చెప్పినవాళ్లు లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక అసలు చికిత్స. ఫిజియో మేడమ్ నన్ను కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "తొడ బిగించి తువ్వాలుని కిందికి నొక్కండి" అన్నారు. నొక్కాను. ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కాను, పళ్లు బిగించి మరీ. కుడి తొడ బిగుసుకుంది, మెడ బిగుసుకుంది, ఎడమ తొడ మాత్రం నాది కానట్టు అలాగే పడి ఉంది. నొప్పి కూడా లేదు. ఆజ్ఞ వెళ్తోంది, అందుకునేవాడు లేడు. భయమేసింది. నరం ఏదైనా తెగిందేమో అనుకున్నాను.

"కంగారు పడకండి. లోపల నీరు ఉంటే తొడ కండరాన్ని ఒళ్లే ఆపేస్తుంది" అన్నారావిడ. ఆరోగ్యంగా ఉన్న మోకాల్లోకి ఉప్పునీరు ఎక్కించి చూసిన ప్రయోగాలున్నాయట. ఇరవై ముప్పై మిల్లీలీటర్లకే, అంటే నాలుగు నుంచి ఆరు చెంచాల నీటికే, చిప్పకి లోపలి పక్కన ఉండే తొడ కండరం మందగించింది. కండరం పని చేయకపోతే ప్రతి అడుగు దెబ్బా కీలే భరించాలి. దాంతో కీలు మళ్లీ వాస్తుంది, వాస్తే కండరం ఇంకా నిద్రపోతుంది. మోకాలికి విశ్రాంతి ఇస్తే చాలు, అదే తగ్గిపోతుంది అనుకునేవాళ్లు ఈ చక్రంలోనే ఇరుక్కుంటారు. లిగమెంట్ అతుక్కుంటుంది, తొడ మాత్రం సన్నబడిపోతుంది. ఆర్నెల్ల తర్వాత కూడా మెట్లు దిగుతుంటే కాలు నిలవట్లేదని అంటారు.

ఆవిడ మంచి కాలితో ముందు చేయించారు, ఎలా ఉండాలో ఒంటికి గుర్తు రావడానికి. తర్వాత నా వేళ్లని నా ఎడమ తొడ మీద, చిప్పకి కాస్త పైన లోపలివైపు పెట్టించి, అక్కడ కదలిక వెతకమన్నారు. చాలాసేపటికి చేతికింద చిన్న అదురు లాంటి చలనం తగిలింది. అంతే. దాన్ని ఐదు సెకన్లు పట్టి ఉంచడం, వదలడం, పదిసార్లు, రోజులో పలుమార్లు. ఎక్కడైనా చేసుకోవచ్చు కాబట్టి సాకు దొరకదు. అది వచ్చాకే కాలు చాపి పైకి లేపడం మొదలుపెట్టనిచ్చారు. లేపేటప్పుడు మోకాలు కాస్త వంగినట్టయితే దింపేయమనేవారు, ఎందుకంటే అప్పుడు తొడ మోసం చేస్తోందన్నమాట.

చాపడానికి, వంచడానికి రెండు వేరు కసరత్తులు. చాపడానికి మడమ కింద మాత్రం తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలు గాల్లో ఉండేలా కొన్ని నిమిషాలు వదిలేయడం. వినడానికి సోమరి వ్యాయామం, కానీ మోకాలి వెనక లాగుడు బాగానే తెలుస్తుంది. వంచడానికి పడుకుని మడమని పిరుదుల వైపు జార్చుకోవడం. మామూలు నడకకి అరవై డిగ్రీల పైచిలుకు వంపు చాలు, మెట్లకి తొంభై దరిదాపుల్లో కావాలి, సైకిల్ తొక్కడానికి నూటపది దాకా కావాలి. ఈ లెక్క తెలిశాక నాకు ఓపిక పెరిగింది. వంపు కంటే ముందు పూర్తి చాపు తెచ్చుకోమని ఆవిడ పట్టుబట్టారు. నాలుగైదు డిగ్రీలు తక్కువ చాపగలిగినా నడకలో కుంటు మిగిలిపోతుందట.

రోజుకి ఎంత చేయాలి? అందరూ తలో మాట చెబుతారు. మేడమ్ మాత్రం "నన్ను అడగొద్దు, మర్నాడు పొద్దున మోకాలిని అడగండి" అన్నారు. చేస్తున్నప్పుడు పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉన్నా పర్లేదు. మర్నాటికి అది మామూలు స్థాయికి దిగిపోవాలి, వాపు పెరగకూడదు. దిగకపోతే నిన్నటి మోతాదు ఎక్కువైందని అర్థం, సగం తగ్గించు, మానేయకు. చిప్ప మధ్యమీదుగా టేపు చుట్టి పొద్దున్నే కొలత రాసుకునేవాణ్ణి. కొలత, నొప్పి, ముందురోజు ఏం చేశాను, ఈ మూడే. ఒకసారి రోజంతా నిలబడాల్సి వచ్చింది, మర్నాడు కొలత పెరిగింది. మునుపైతే అంతా మొదటికొచ్చిందని బెంగపడేవాణ్ణి. కాగితం తీసి చూస్తే కారణం కనపడుతోంది, రెండు రోజులు తగ్గించి చేస్తే వాపు దిగింది.

భయపడాల్సిన గుర్తులేవో, అక్కర్లేనివేవో కూడా అడిగి తెలుసుకున్నాను. దెబ్బ తగిలిన కొన్నాళ్లకి ముందు ఎముక మీద, చీలమండ దాకా నీలంగా కమిలింది. అది పైనున్న రక్తం కిందికి దిగడమే. అదే పిక్కలో నొప్పి, ఒక్క కాలికే కొత్తగా వాపు వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, ఊపిరి ఆడకపోయినా ఛాతీలో నొప్పి వచ్చినా క్షణం ఆగకూడదు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే కీలులో చీము పట్టే ప్రమాదం, అది కూడా అదే రోజు చూపించుకోవలసిందే.

ఈలోగా మా పెద్దమ్మ ఫోన్ చేసి, "మోకాల్లో ఇంజెక్షన్ వేయించుకోరా, పక్కింటావిడకి మర్నాటికే తగ్గింది" అంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అరుగుదల నొప్పిని కొన్ని వారాలు తగ్గిస్తుంది, నిజమే. అయితే అరిగిన మోకాళ్లకి మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేసి చూసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ఉత్త ఉప్పునీరు ఎక్కించినవాళ్ల కంటే వీళ్లకి గుజ్జు ఎక్కువ పోయింది, నొప్పిలో తేడా ఏమీ లేదు. నాలాంటి తాజా బెణుకుకి దాని అవసరమే లేదన్నారు డాక్టర్. పెద్దమ్మకి మాత్రం నేను నేర్చుకున్న తొడ బిగింపు ఫోన్‌లోనే చెప్పాను. బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కూడా చెప్పబోయాను గానీ, అప్పటికే ఫోన్ పెట్టేసింది.

బ్రేస్ తీసేశాక పని తేలికవుతుందనుకుంటే పెరిగింది. కొద్దిగా వంగి లేవడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం, పడుకుని నడుము లేపడం, ఒంటికాలి మీద నిలబడడం. అద్దం ముందు మెట్టు దిగుతుంటే ఎడమ మోకాలు ప్రతిసారీ లోపలికి వాలేది, దెబ్బ తగిలిన రోజు వాలినట్టే. అది మోకాలి తప్పు కాదట, తుంటి పక్క కండరాలు బలహీనమట. పక్కకి పడుకుని కాలు లేపే కసరత్తులు అందుకే. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే మొదట్లో క్షణం కూడా ఆగలేకపోయాను. లిగమెంట్ కట్టు మాత్రమే కాదు, కీలు ఏ భంగిమలో ఉందో మెదడుకి కబురు చెప్పేది కూడా అదే. చిరిగినప్పుడు ఆ కబురూ చెడుతుంది. ఈత మొదలుపెట్టవచ్చన్నారు కానీ కప్ప ఈత వద్దన్నారు, ఆ కాలి విసురు సరిగ్గా ఎంసీఎల్ మీదే పడుతుంది.

ఆటకి ఎప్పుడు వెళ్లాలన్నది తేదీ చూసి తేల్చలేదు. వాపు లేకుండా మోకాలు పూర్తిగా వంగాలి, సాగాలి. ఒంటికాలితో గెంతితే దెబ్బ కాలు మంచి కాలు గెంతిన దూరంలో కనీసం తొంభై శాతం గెంతాలి. నేను మొదటిసారి గెంతినప్పుడు దూరం సరిపోయింది గానీ దిగేటప్పుడు మోకాలు వణికింది, మేడమ్ ఒప్పుకోలేదు. దూరం కంటే దిగడమే ముఖ్యమట. మరికొన్నాళ్లు ఆగాక ముందు ఒక్కణ్ణే కోర్టులో అడుగులు, తర్వాత నిలబడి కొట్టడం, ఆ తర్వాత పక్కలకి కదలడం, చివర్న పాయింట్లు పెట్టి ఆడడం. ప్రతి మెట్టు తర్వాతా మళ్లీ అదే పరీక్ష, మర్నాడు పొద్దున టేపు.

ఇప్పుడు ఆడుతున్నాను. గొంతుక్కూర్చుంటే లోపలి పక్క కాస్త బిగుతుగా ఉంటుంది, కొన్ని నెలలు అలా ఉండొచ్చన్నారు. ఆటకి ముందు పదిహేను నిమిషాలు మెల్లగా పరుగు, ఒంటికాలి నిలకడ, గెంతి మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం చేస్తాను. ఫుట్‌బాల్ ఆటగాళ్లకి ఇలాంటి వార్మప్ నేర్పితే మోకాలి గాయాలు తగ్గాయని పరిశోధనల్లో తేలింది. మా కుర్రాడు కూడా నాతో పాటు చేస్తాడు గానీ, రెండో గెంతుకే "చాలన్నా, కోర్టు టైమ్ అయిపోతోంది" అని గొడవ పెడతాడు.